వీగన్‌గా మారాక టీలో ఏం పోసుకోవాలి, తీపికి ఏం వాడాలి?

మీరు అడిగింది ఇది. వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ వాడకపోవడం, అందుకని మూడు నెలల క్రితం పాలు, పెరుగు, నెయ్యి మానేశారు. అన్నం, కూరల దగ్గర ఇబ్బంది లేదు గానీ తాగేవాటి దగ్గరే చిక్కొచ్చింది. కొన్న బాదం పాలు కాఫీలో పోస్తే విరిగిపోతున్నాయి. పంచదారను ఎముకల బొగ్గుతో తెల్లగా చేస్తారని చదివి, అది కూడా మానేయాలా అని టెన్షన్ పడుతున్నారు. తేనె, బెల్లం, స్టీవియాల్లో ఏది వాడాలో తేలట్లేదు. పైగా మజ్జిగ లేకుండా ఎండాకాలం ఎలా గడుపుతావని అమ్మగారు అడుగుతున్నారు.

నేను విశాఖపట్నంలో పాలు వాడని చిన్న క్యాంటీన్ నడుపుతాను. ఆసక్తి ఉన్నవాళ్లకి వీగన్ వంట క్లాసులు కూడా చెబుతాను. మీరు అడిగినవన్నీ మా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు రోజూ అడిగేవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: మన దేశంలో దొరికే మామూలు పంచదార, బెల్లం, తాటి బెల్లం నిశ్చింతగా వాడుకోండి. తేనె వీగన్ కాదు, మానేయండి. టీకి వేరుశనగ పాలు, కాఫీకి సోయా పాలు పెట్టుకోండి. బాదం పాలు ఈ రెండింటికీ కుదరవు. మీరు నిజంగా కన్నేసి ఉంచాల్సింది పంచదార మీద కాదు. ప్రీమిక్సుల్లో, మాల్ట్ పొడుల్లో, తీపి బిళ్లల్లో, మిఠాయి పాకాల్లో కంటికి కనపడకుండా కలిసే పాల మీద.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

పంచదార, ఎముకల బొగ్గు

మీరు చదివింది అబద్ధం కాదు, కానీ అది ప్రధానంగా అమెరికా సంగతి. అక్కడ కొన్ని చెరకు చక్కెర శుద్ధి కర్మాగారాల్లో ముడి చక్కెర ద్రావణాన్ని పశువుల ఎముకలు కాల్చి చేసిన బొగ్గు గుండా వడకడతారు. రంగంతా ఆ బొగ్గు పీల్చుకుంటుంది. ఎముక ముక్కలేవీ చక్కెరలో మిగలవు. అయినా తయారీలో జంతువు ఎముక వాడారు కాబట్టి అక్కడి వీగన్లు ఆ చక్కెర కొనరు. ఆ దేశంలోనే బీట్‌రూట్ జాతి దుంప నుంచి తీసే చక్కెరకు ఈ బొగ్గు అవసరం లేదు. ఆర్గానిక్ ముద్ర ఉన్న చక్కెరలో దాన్ని వాడనివ్వరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. బ్రౌన్ షుగర్ అయితే సురక్షితం అనుకోకండి. చాలావరకు అది తెల్ల చక్కెరకే మొలాసిస్ అనే చెరకు మడ్డి కలిపి చేసేది.

మన దగ్గర పద్ధతి వేరు. ఇక్కడ ఎక్కువ మిల్లులు చెరకు రసం నుంచి నేరుగా తెల్ల పంచదార తీస్తాయి. రసంలో సున్నం కలుపుతారు, గంధకం మండించిన పొగ పంపిస్తారు. మురికి అడుగుకు దిగుతుంది, రంగు తగ్గుతుంది. తర్వాత రసాన్ని మరిగించి చిక్కబరిచి గింజ కట్టిస్తారు. ఎముకల బొగ్గు ఇక్కడి మామూలు పద్ధతిలో లేదు. గంధకం లేని చక్కెర అని ప్యాకెట్ మీద రాసి అమ్మే రకాలకు కార్బన్, రెజిన్ వడపోతలు వాడతారు. పటిక బెల్లం కూడా పంచదార పాకాన్ని నెమ్మదిగా గడ్డకట్టించి చేసేదే, అందులో ఇబ్బంది లేదు.

అంచేత మీ వంటింట్లో ఉన్న పంచదార డబ్బా అలాగే ఉండనివ్వండి. మొదటి మూడు నెలల్లో మనిషి శక్తి అంతా ఇలాంటి భయాలకు పోతే, నాలుగో నెలకి విసుగొచ్చి మళ్లీ పాలకే వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బెల్లం

మాకు అనకాపల్లి దగ్గర. చోడవరం వైపు చెరకు గానుగాడే రోజుల్లో బెల్లం వండే చోట్లకు వెళ్లి చూస్తుంటాను, ఆ పొయ్యి మీద ఏమేం పడుతుందో కళ్లారా చూస్తేనే నాకు నమ్మకం. పెద్ద పెనంలో రసం కాగడం మొదలయ్యాక పైకి నల్లటి మడ్డి తేలుతుంది. దాన్ని పట్టి తీయడానికి సున్నం వేస్తారు. బెండ కాడలు నలిపి తీసిన జిగురు నీళ్లు పోయడం పాత పద్ధతి. ఆ జిగురు మురికిని చుట్టుకుని పైకి తెస్తుంది, జల్లెడ గరిటెతో తీసి పారేస్తారు. రసం పొంగిపోతుంటే ఆముదమో వేరుశనగ నూనో కొన్ని చుక్కలు వేస్తారు, నురుగు చప్పున కూర్చుంటుంది. వీటిలో ఏదీ వీగన్‌కి అడ్డం కాదు.

బెల్లంలో చూడాల్సింది రంగు. పసుపు పచ్చగా మెరిసే దిమ్మ కోసం హైడ్రోస్ అనే రసాయనం ఎక్కువగా వేస్తారు. దానికీ వీగన్‌కీ సంబంధం లేదు, ఆరోగ్యం కోసమే చెబుతున్నాను. ముదురు గోధుమ రంగు, కాస్త మెత్తదనం, విరిస్తే చెరకు వాసన ఉన్న బెల్లం తీసుకోండి. చెమ్మ పట్టి కారుతుందని నల్ల బెల్లాన్ని తిప్పి పంపేవాళ్లున్నారు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేస్తే చాలు.

తాటి బెల్లం, ఈత బెల్లం కూడా మంచివే. కల్లుగా పులియకుండా ఉండాలని కుండ లోపల సున్నం పూసి నీరా పడతారు, దాన్ని కాచి బెల్లం చేస్తారు. ఒక విద్యార్థిని ఇక్కడో ప్రశ్న వేసింది. ఆ సున్నం గుల్లలు కాల్చి చేసిన సున్నమైతే అది జంతువు నుంచి వచ్చినట్టే కదా అని. ఆలోచించదగ్గ ప్రశ్నే. నా అభిప్రాయం చెబుతాను. 1944లో ఇంగ్లండ్‌లో మొదలైన వీగన్ సొసైటీ ఇచ్చే నిర్వచనంలోనే వీలైనంత వరకు, ఆచరణలో సాధ్యమైనంత వరకు అన్న మాట ఉంది. కుండకు పూసిన సున్నం ఏ గుల్లదో కనుక్కోవడం నా దృష్టిలో ఆ గీతకు అవతలే ఉంటుంది. ఎవరికైనా మనసొప్పకపోతే చెరకు బెల్లం ఉండనే ఉంది.

ఇంకొక్క మాట. బెల్లం పంచదార కంటే ఆరోగ్యం అని ఎంత వేసుకున్నా పర్లేదనుకోకండి. ఖనిజాలు కాస్త ఉన్నా అది చాలావరకు చక్కెరే. షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో పంచదార చేసే పనే బెల్లమూ చేస్తుంది. రోజు మొత్తంలో కలిపిన తీపి ఇరవై అయిదు గ్రాములకు, అంటే ఆరు చెంచాలకు, లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండేసి చెంచాలు వేసుకుని మూడు టీలు తాగితే ఆ లెక్క అక్కడికే నిండిపోతుంది. పాలు మానేసిన కొత్తలో ఆ లోటు తీపితో తీర్చుకోవాలనిపించడం సహజం, అందుకే ముందే చెబుతున్నాను.

పాకంలో పాలు

ఇది చాలామందికి తట్టదు. మిఠాయి వాళ్లు పంచదార పాకం మరుగుతుండగా అందులో కొద్దిగా పాలు పోస్తారు. వేడికి పాలు విరిగి, ఆ విరుగుడు పాకంలోని మురికిని పట్టుకుని తెల్లటి నురగలా పైకి వస్తుంది. దాన్ని తీసేస్తే కింద పాకం అద్దంలా మిగులుతుంది. పెళ్లిళ్లలో వంటవాళ్లు, ఇళ్లలో పెద్దవాళ్లు కూడా ఇలాగే చేస్తారు. షర్బత్ సిరప్‌లు, జిలేబీ పాకం, నెయ్యి లేదు కదా అని మనం ధైర్యంగా తీసుకునే స్వీట్లు కొన్ని ఇలా తయారైనవే అయ్యుండొచ్చు. పదార్థాల పట్టికలో ఇది కనపడదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో పాలు కలపలేదు, మడ్డి తీశారంతే.

అడగాలి. "నెయ్యి వేశారా" అని కాకుండా "పాకం మడ్డి పాలతో తీశారా" అని అడగండి. వంట చేసే మనిషికి వెంటనే అర్థమవుతుంది, సమాధానమూ సూటిగా వస్తుంది. ఇంట్లో అయితే ఆ అవసరమే లేదు. పాకం వేడిగా ఉన్నప్పుడే పల్చటి బట్టలో వడకట్టండి, గడ్డకట్టకుండా నాలుగు చుక్కలు నిమ్మరసం వేయండి.

తేనె

తేనె విషయంలో మధ్యేమార్గం లేదు. అది తేనెటీగలు తమ గూటి కోసం, పూలు దొరకని రోజుల కోసం దాచుకున్న తిండి. పెట్టెల్లో పెంచే చోట తేనె తీసుకుని బదులు చక్కెర నీళ్లు పెడతారు. అడవిలో పట్టు తీసేటప్పుడు పొగపెడితే ఎన్నో ఈగలు చనిపోతాయి. మా పాత విశాఖ జిల్లా ఏజెన్సీ ప్రాంతంలో తేనె మీద బతికే కుటుంబాలున్నాయి, వాళ్లను తప్పుపట్టే మాట నా నోట రాదు. కానీ వీగన్‌గా ఉందామనుకున్న మీకూ నాకూ అది పనికిరాదు.

తేనె సీసా మానేయడం తేలికే. తెలియకుండా వచ్చే తేనె సంగతి చూడండి. నిమ్మ తేనె గ్రీన్ టీ సంచులు, కార్న్ ఫ్లేక్స్, దగ్గు మందులు, లేహ్యాలు. చ్యవనప్రాశలో సాధారణంగా తేనెతో పాటు నెయ్యి కూడా ఉంటుంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె అలవాటున్నవాళ్లు బదులుగా నాలుగు ఖర్జూరాలు రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆ గుజ్జు ఒక చెంచా కలుపుకోవచ్చు. చిక్కదనం, తీపి రెండూ వస్తాయి. మేపుల్ సిరప్, అగావే సిరప్ కూడా దొరుకుతాయి గానీ ఆ ధర పెట్టి దిగుమతి సరుకు కొనాల్సిన అవసరం మన ఊళ్లలో నాకైతే కనపడదు.

తీపి బిళ్లలు, స్టీవియా

స్టీవియా ఆకు నుంచి వచ్చేది, సుక్రలోజ్, ఆస్పర్టేమ్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ఈ మూడింట్లో ఏదీ జంతువు నుంచి వచ్చింది కాదు. చిక్కంతా బిళ్ల రూపంలోనే ఉంది. చిటికెడంత మందును బిళ్లగా కట్టడానికి ఏదో ఒక పిండి పదార్థం కావాలి, చాలా కంపెనీలు అందుకు లాక్టోజ్ వాడతాయి. అది పాల చక్కెర. అందుకని బిళ్లలు కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాలు చదవండి, లాక్టోజ్ కనిపిస్తే పక్కన పెట్టి చుక్కల మందు రూపంలో దొరికేది తీసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి ఇవి పనికొస్తాయి. బరువు తగ్గడానికి మాత్రం వీటి మీద ఆధారపడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నేనైతే ఆరోగ్యవంతులకు తీపినే నెమ్మదిగా తగ్గించుకోమని చెబుతాను. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుకకు తేడా తెలియదు.

ఇక టీ, కాఫీ

మీ బాదం పాలు ఎందుకు విరిగాయో చెబుతాను. కాఫీ డికాక్షన్‌లో పులుపు ఉంటుంది. గింజల పాలలోని మాంసకృత్తులు పులుపు, వేడి ఒకేసారి తగిలితే ముద్దకడతాయి. సోయా పాలలో నిమ్మరసం పిండి టోఫు చేసేది సరిగ్గా ఈ సూత్రంతోనే. బాదం పాలకు ఇంకో లోపం కూడా ఉంది. కొనే డబ్బాల్లో బాదం వాటా తక్కువ, నీళ్లు ఎక్కువ. ఆవు పాలు ఒక గ్లాసులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటే, సోయా పాలలో దాదాపు అంతే ఉంటుంది, బాదం పాలలో ఒక గ్రాము ఉంటే ఎక్కువ. అంత డబ్బు పెట్టి పల్చటి నీళ్లు కొనొద్దు.

సోయా పాలు ఇంట్లో చేసే పద్ధతి. సోయా అంటే పచ్చి చిక్కుడు వాసన అని మొహం తిప్పుకునేవాళ్లే ఎక్కువ. ఆ వాసన గింజలో మొదట ఉండదు. నలిగినప్పుడు గింజలోని ఒక ఎంజైమ్ కొవ్వుతో కలిసి దాన్ని పుట్టిస్తుంది. ఎంజైమ్‌ను ముందే వేడితో చంపేస్తే వాసన రాదు. ఒక గ్లాసు సోయా గింజలు రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, మరుగుతున్న నీళ్లలో చిటికెడు వంట సోడా వేసి, గింజల్ని అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. ఆ నీళ్లూ పారబోసి, గింజల్ని బాగా వేడి నీళ్లతోనే రుబ్బండి. మిక్సీ మూత బిగించకుండా గుడ్డ కప్పి పట్టుకోండి, లేకపోతే ఆవిరికి మూత ఎగురుతుంది. మొత్తం ఆరేడు గ్లాసుల నీళ్లు పట్టించి బట్టలో వడకట్టాక ఆ పాలను ఇరవై నిమిషాలు కలుపుతూ కాచాలి. మొదటి పొంగు మోసం చేస్తుంది. నురగ పైకి వచ్చినా లోపల పాలు ఇంకా మరగవు, మంట తగ్గించి కాస్తూనే ఉండండి. పచ్చి సోయా పాలు తాగకూడదు. అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు అందులో ఉంటాయి, బాగా కాస్తేనే పోతాయి.

వేరుశనగ పాలు ఇంకా తేలిక, ఖర్చూ తక్కువ. ఒక గ్లాసు పచ్చి వేరుశనగ గుళ్లు ఏడెనిమిది గంటలు నానబెట్టి, పొట్టు నలిపి తీసేసి, నాలుగు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి వడకట్టి పది నిమిషాలు కాచండి. గుళ్లు ఏరేటప్పుడు నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు ఛాయ ఉన్నవి మొహమాటం లేకుండా పారేయండి. వేరుశనగకు పట్టే బూజులో కాలేయానికి హాని చేసే విషం ఉంటుంది, అది కాచినా పోదు. మిగిలిన పిప్పిని పచ్చట్లోనో అట్ల పిండిలోనో కలపండి. మా క్యాంటీన్‌లో మధ్యాహ్నం కొబ్బరి పచ్చడిలో సగం అదే.

టీకి నేను వేరుశనగే వాడతాను. మసాలా, అల్లం ఘాటు దాని కమ్మదనాన్ని చక్కగా మోస్తాయి. పద్ధతి మాత్రం మార్చాలి. పాలు, నీళ్లు, పొడి అన్నీ కలిపి మరిగించే మన అలవాటు ఇక్కడ పనిచేయదు. నీళ్లలో టీ పొడి, అల్లం, యాలకులు వేసి బాగా మరిగించి డికాక్షన్ చిక్కగా తీయండి. పాలు వేరే గిన్నెలో వేడిచేయండి. పొయ్యి కట్టేశాక రెండూ కలపండి. బెల్లం టీ అయితే బెల్లాన్ని చివర్లో, దించాకే వేయండి. ఆవు పాలు కూడా బెల్లంతో మరిగిస్తే విరుగుతాయని మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది.

ఫిల్టర్ కాఫీకి సోయా. డికాక్షన్ గ్లాసులో పోసి పాలు దాని మీద గుమ్మరించకండి. వేడి పాలు ముందు పోసి, డికాక్షన్ కొంచెం కొంచెంగా కలపండి. పాలలో చిటికెలో సగం వంట సోడా వేస్తే పులుపు విరిగి పాలు నిలుస్తాయి. బయట కొనే ప్యాకెట్ల మీద బరిస్టా అని రాసి ఉంటే వాటిలో ఈ పని చేసే లవణాలు ముందే కలిపి ఉంటాయి. బాగా వేయించిన గింజల పొడిలో పులుపు తక్కువ, అది ఎంచుకుంటే సగం సమస్య అక్కడే పోతుంది.

ఓట్స్ పాలు ఇంట్లో చేసి కాస్తే గంజిలా జిగురు కడతాయి. కొనేవాటిలో ఎంజైమ్‌తో పిండిని చక్కెరగా విడగొడతారు. అందుకే అవి జిగురు లేకుండా, ఏమీ కలపకపోయినా తియ్యగా ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. జీడిపప్పు పాలు టీలో అద్భుతంగా ఉంటాయి, చుట్టాలొచ్చినప్పుడు చేయండి. కొబ్బరి పాలు పాయసానికే అందం, టీలో వాటి వాసనే పైకొస్తుంది.

పాలే అక్కర్లేని టీ కూడా మనకుంది. హైదరాబాద్ పాతబస్తీలో సులేమానీ చాయ్ తాగి చూడండి. పల్చటి డికాక్షన్, నిమ్మరసం, పుదీనా, పంచదార. మీకు బ్లాక్ టీ పడకపోతే దానికి కారణం బహుశా పాల టీకి వేసినంత పొడి వేసి అంతసేపూ మరిగించడమే. పొడి సగానికి తగ్గించి, నీళ్లు మరిగాక దించి, పొడి వేసి మూడు నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. చేదు, వగరు పోతాయి. కాఫీలో అరకు అరబికా పాలు లేకుండా తాగడానికి బాగుంటుంది. గిరిజన రైతులు పండించే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ప్యాకెట్ చదవడం

ఆకుపచ్చ చుక్క చూసి వీగన్ అనుకోకండి. మన చట్టం ప్రకారం పాలు, పాల పదార్థాలు, తేనె, తేనె మైనం, లక్క అన్నీ ఆకుపచ్చ చుక్క కిందికే వస్తాయి. వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు 2022లో వచ్చాయి. ఆకుపచ్చ 'వి' అక్షరం, దానికి చిన్న మొక్క ఉన్న గుర్తు అదే. అన్ని కంపెనీలూ ఇంకా వేయట్లేదు కాబట్టి గుర్తు లేనంత మాత్రాన వదిలేయక్కర్లేదు, పదార్థాలు చదవాలి. వెతకాల్సిన మాటలు ఇవి: మిల్క్ సాలిడ్స్, వే (whey), కేసీన్, కేసినేట్, లాక్టోజ్. నాన్ డెయిరీ క్రీమర్ అని ముందు రాసి, వెనక సోడియం కేసినేట్ ఉన్నవి నేనే చూశాను. అది పాల నుంచి తీసిందే. లాక్టోజ్ ఫ్రీ అన్నది కూడా పాలే, అందులో పాల చక్కెరను విడగొట్టారంతే. ఆఫీసు మెషీన్‌లో వచ్చే టీ, వేడి నీళ్లు పోసి కలిపే మసాలా టీ పొడి, పిల్లలకిచ్చే మాల్ట్ పొడులు, బాదం మిల్క్ పొడి వీటిలో చాలావాటిలో పాల పొడి ఉంటుంది. మరో సంగతి, అంగట్లో సోయా మిల్క్ అని వెతికితే దొరక్కపోవచ్చు. మొక్కల నుంచి తీసినవాటికి మిల్క్ అని పేరు పెట్టకూడదన్న నిబంధన వల్ల సోయా బెవరేజ్, ఓట్ డ్రింక్ అని ఉంటాయి.

విటమిన్ డి కలిపామని రాసి ఉంటే డి2నా డి3నా చూడండి. డి3 చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీస్తారు. డి2 అయితే ఇబ్బంది లేదు, రాతిపూవు జాతి నుంచి తీసిన డి3 కూడా వస్తోంది. బీరు, వైన్ అలవాటున్న మిత్రులు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. కొన్నిటిని చేప తిత్తి పొడితోనో, గుడ్డు తెల్లసొనతోనో, పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌తోనో తేటపరుస్తారు. సీసా మీద వీగన్ అని లేకపోతే నమ్మకంగా చెప్పలేం.

మజ్జిగ లేని ఎండాకాలం

అమ్మగారికి ముందు వేరుశనగ మజ్జిగ రుచి చూపించండి. పైన చెప్పిన పాలు కాస్త చిక్కగా, మూడు గ్లాసుల నీళ్లతోనే తీసి, కాచి గోరువెచ్చగా ఆరనివ్వండి. కడిగిన పచ్చిమిరపకాయల తొడిమలు ఆరేడు అందులో ముంచి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. తొడిమల మీద సహజంగా ఉండే సూక్ష్మజీవులు పాలను పులియబెడతాయి. మొదటి తోడు పల్చగా, ఒక్కోసారి కాస్త కారంగా వస్తుంది. దాన్నుంచి ఒక చెంచా తీసి కొత్త పాలకు తోడేస్తే రెండోసారికి బాగా తోడుకుంటుంది. గులాబీ ఛాయ వచ్చినా, తీగలా సాగినా, వాసన తేడాగా ఉన్నా పారబోయండి. నీళ్లు కలిపి, అల్లం, కరివేపాకు, ఉప్పు, నిమ్మరసం వేస్తే మజ్జిగ పనంతా అది చేస్తుంది. అన్నంలోకి ఆవు పెరుగంత గడ్డగా రాదు, అది ముందే చెప్పి వడ్డించండి.

నిజానికి మన పాత వేసవి పానీయాల్లో చాలావాటికి పాలతో పనే లేదు. శ్రీరామనవమికి చేసే పానకం బెల్లం, మిరియాలు, యాలకులే. మంగళగిరి పానకాల స్వామి కొండ మీద భక్తులు రోజూ సమర్పించేది కూడా అదే. రాయలసీమ నన్నారి షర్బత్, సబ్జా గింజల నిమ్మ నీళ్లు, చెరకు రసం, కొబ్బరి బోండాం, గోలీ షోడా. నీరా దొరికితే వదలొద్దు, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ కూడా తెరిచారు. రాగి అంబలిని మజ్జిగ బదులు పులిసిన గంజితో కలపండి. రాత్రి రాగి పిండి జావ కాచి, గంజి పోసి మట్టి ముంతలో ఉంచితే పొద్దునకి హాయైన పులుపు వస్తుంది. ఉల్లిపాయ, ఉప్పు వేసుకుని తాగండి. పాలు మానేసినవాళ్లకి రాగి మరీ అవసరం, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది వెయ్యి మిల్లీగ్రాములు. రాగి, నువ్వులు, మునగాకు రోజువారీ తిండిలో ఉండాలి.

విటమిన్ బి12 గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఇది మొక్కల తిండిలో నమ్మదగ్గంత దొరకదు. పులిసిన అంబలిలో, స్పిరులినా అనే నాచులో ఉంటుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. తక్కువే అనిపిస్తుంది గానీ లోటు పడితే అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత వస్తాయి, నరాలకు జరిగిన నష్టం ఒక్కోసారి పూర్తిగా నయం కాదు. శరీరంలో నిల్వ ఉంటుంది కాబట్టి మొదటి ఏడాది ఏమీ తెలియకపోవచ్చు, ఆ ధీమాతోనే చాలామంది ఆలస్యం చేస్తారు. ఈ నెలలోనే రక్తపరీక్ష చేయించుకుని, ఎంత మోతాదో డాక్టర్‌ని అడిగి బిళ్ల మొదలుపెట్టండి. మందుల షాపులో జెలటిన్ క్యాప్సూల్ కాకుండా మాత్ర రూపంలో ఉన్నది, వీలైతే లాక్టోజ్ లేనిది అడగండి.

సోయా పాలు మొదటిసారి కాచాక వాసన ఇంకా వస్తోందంటే ఏ దశలో ఎంత వేడి నీళ్లు వాడారో రాయండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెబుతాను.